పాయింట్ గార్డ్ కావాలంటే: స్కూల్ టీమ్ నుంచి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ దాకా

బాస్కెట్‌బాల్‌లో టీమ్ ఆట నడిపే ఆటగాడిని పాయింట్ గార్డ్ అంటారు. స్కూల్ టీమ్‌లో అయితే బంతి ఎప్పుడూ ఎవరి చేతిలో ఉంటుందో వాడే. మొదటి నుంచి చివరిదాకా తనే డ్రిబుల్ చేస్తాడు (బంతిని నేలకి కొడుతూ నడిపిస్తాడు), ముగ్గురిని దాటుకుని వెళ్లి లేఅప్ (రింగ్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్) వేస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. అయితే పై స్థాయికి వెళ్లేకొద్దీ బంతి నీ చేతిలో ఉండే టైమ్ తగ్గిపోతుంది. కాలేజీలో నీకంటే బాగా స్కోర్ చేసేవాళ్లు పక్కనే ఉంటారు. ప్రొఫెషనల్ టీమ్‌లో అయితే బెంచ్ మీంచి లేచి వచ్చి ఓ 12 నిమిషాలు ఆడి, చాలాసార్లు బంతి అందిన ఒకటి రెండు సెకన్లలోనే పని ముగించాల్సి వస్తుంది. ఈ మార్పుకి స్కూల్‌లో ఉన్నప్పటి నుంచే సిద్ధపడ్డవాళ్లు ఎక్కువకాలం ఆడతారని నా గట్టి నమ్మకం, అందుకే కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చెప్తాను.

స్కూల్‌లో ఉండగా

ఎడమచేత్తో డ్రిబుల్ చేయమని అందరూ చెప్తారు, చెయ్యి. ఎడమచేత్తో పాస్ గురించి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. డ్రిబుల్ ఆపి, బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని, అప్పుడు పాస్ ఇచ్చే అలవాటు స్కూల్ మ్యాచ్‌ల్లో చెల్లిపోతుంది, కానీ పై స్థాయి డిఫెండర్‌కి ఆ అర సెకను చాలు, చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. కాబట్టి డ్రిబుల్‌లోంచే నేరుగా, ఒంటి చేత్తో, రెండు వైపులా పాస్ వేయడం గోడ దగ్గర రోజూ ప్రాక్టీస్ చెయ్యి. చాక్‌పీస్‌తో ఛాతీ ఎత్తులో ఒక గుర్తు, మోకాలి ఎత్తులో ఇంకో గుర్తు పెట్టుకుని ముందు నిలబడి కొట్టు, తర్వాత నడుస్తూ, ఆ తర్వాత పరిగెడుతూ కొట్టు. పరిగెడుతూ మోకాలి ఎత్తు గుర్తుని ఎడమచేత్తో కొట్టగలిగితే, రేపు ఇద్దరి మధ్యలోంచి బౌన్స్ పాస్ ఇవ్వడం నీకు కొత్తగా అనిపించదు.

బంతి సైజు కూడా చూసుకోవాలి. చిన్నపిల్లలకి 5వ సైజు, అమ్మాయిలకీ మహిళలకీ 6, పెద్ద మగపిల్లలకీ పురుషులకీ 7. పదేళ్ల పిల్లాడి చేతిలో 7వ సైజు బంతి పెడితే వాడు రింగ్ దాకా వేయడానికి భుజమంతా విసురుతాడు, ఆ విసురుడు అలవాటైపోతే షాట్ మళ్లీ దారిలో పెట్టడానికి ఏళ్లు పడుతుంది.

స్పీడ్ సంగతి. చాలామంది పిల్లలు ఆట మొత్తం ఒకటే స్పీడ్‌లో ఆడతారు, ఉన్న బలమంతా పెట్టి. డిఫెండర్‌కి అంతకంటే సుఖం లేదు. పాత మ్యాచ్ వీడియోల్లో స్టీవ్ నాష్‌ని చూడు, క్రిస్ పాల్‌ని చూడు, ఎన్‌బీఏలో (అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) అందరికంటే వేగంగా పరిగెత్తినవాళ్లేం కాదు వాళ్లు. నెమ్మదిగా వస్తూ వస్తూ ఒక్కసారి వదిలి, రెండడుగులు వేసి మళ్లీ ఆగిపోయేవాళ్లు, ఎదుటివాడి బరువు ఇంకా ముందుకి పోతూనే ఉండేది. ఇంటి ముందు ఒంటరిగా డ్రిబుల్ చేస్తున్నా సరే నాలుగు డ్రిబుల్స్ నెమ్మదిగా, రెండు వేగంగా, ఒకటి ఆగి, ఇలా మార్చి మార్చి చెయ్యి.

ఎత్తు గురించి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతూ ఉంటారు. మగ్సీ బోగ్స్ ఎత్తు 160 సెంటీమీటర్లు, ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. మ్యాజిక్ జాన్సన్ 206 సెంటీమీటర్లు, ఆయనా పాయింట్ గార్డే. కాబట్టి 13 ఏళ్లకే పొడుగ్గా ఉన్నాడని కోచ్ నిన్ను రింగ్ కింద నిలబెట్టేస్తే, ప్రాక్టీస్ అయ్యాక అయినా సరే గార్డ్ డ్రిల్స్ చేసుకో, మానకు. పొట్టిగా ఉన్నవాళ్లకి మాత్రం నిజం చెప్పాలి: ఎదుటి టీమ్ కావాలని స్క్రీన్ (ఒక ఆటగాడు డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) పెట్టించి, పొడుగాటి మనిషిని నీ మీదకి తెచ్చుకుని ఆడుతుంది. దానికి తట్టుకోవాలంటే కోర్టు మొత్తం వెంటపడి కాపాడే ఓపిక ఉండాలి, దూరం నుంచి షాట్ పడాలి. ఐజయా థామస్ 175 సెంటీమీటర్ల మనిషి, 2011 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ టీములు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమం) చిట్టచివరి 60వ నంబర్, 2016-17లో బోస్టన్‌కి మ్యాచ్‌కి సగటున 28.9 పాయింట్లు చేశాడు.

షాట్ అందరికీ కావాలి, గార్డ్‌కి ఇంకా ఎక్కువ కావాలి, దానికి కారణం వేరే ఉంది. ఇప్పుడు ఆట నడిపేది గార్డ్ ఒక్కడే కాదు. నికోలా యోకిచ్ సెంటర్ (సాధారణంగా రింగ్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) అయ్యుండి డెన్వర్ ఆట అంతా తన చేతుల మీదుగా నడిపిస్తాడు, 2023లో ఛాంపియన్‌షిప్ కూడా అలాగే గెలిచారు. అలాంటి టీమ్‌లో పాయింట్ గార్డ్ ఏం చేయాలి? కార్నర్‌లోనో (రింగ్ వైపు కోర్టు మూల) వింగ్‌లోనో (కోర్టు పక్క భాగం) నిలబడి, బంతి వస్తే వెంటనే వేయాలి, లేకపోతే ఒక్క డ్రిబుల్‌తో లోపలికి వెళ్లి ఇంకొకరికి ఇవ్వాలి. డ్రిబుల్ చేసి చేసి వేసే షాటే ప్రాక్టీస్ చేసినవాడికి పాస్ అందుకుని వెంటనే వేసే షాట్ రాదు. నీ ప్రాక్టీస్ షాట్లలో కనీసం సగం ఎవరో ఒకరు పాస్ ఇస్తే వేసేవి అయ్యుండాలి, ఎవరూ లేకపోతే బంతిని ముందుకి స్పిన్ చేసి నీకు నువ్వే పాస్ ఇచ్చుకో.

స్క్రీన్ దగ్గర ఏం చూడాలి

ఈ భాగం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే కాలేజీ కోచ్ అయినా క్లబ్ కోచ్ అయినా పాయింట్ గార్డ్‌ని అంచనా వేసేటప్పుడు మొదట చూసేది పిక్ అండ్ రోల్, అంటే ఒకరు స్క్రీన్ పెట్టి, ఆ తర్వాత రింగ్ వైపు పరిగెత్తే ఆట.

మీ సెంటర్ వచ్చి నీ డిఫెండర్‌కి అడ్డంగా నిలబడతాడు. చాలామంది అతను ఇంకా కుదురుకోకముందే బయల్దేరిపోతారు, అప్పుడు స్క్రీనర్ కదులుతూ ఉండగా తగిలిందని రిఫరీ ఫౌల్ ఊదుతాడు. ఆగు. అతని రెండు కాళ్లూ నేల మీద నిలిచాక, నీ డిఫెండర్‌ని అవతలి వైపుకి ఒక అడుగు వేయించి, అప్పుడు నీ భుజం స్క్రీనర్ తుంటికి రాసుకునేంత దగ్గరగా దాటు. మీ ఇద్దరి మధ్య మనిషి పట్టే సందు ఉంటే నీ డిఫెండర్ అందులోంచి దూరి వచ్చేస్తాడు.

దాటిన తర్వాత చూడాల్సింది వాళ్ల సెంటర్‌ని. అతను వెనక రింగ్ దగ్గరే ఆగిపోయాడా? అయితే నీ ముందు ఖాళీ ఉంది, మధ్య దూరం నుంచి షాట్ గానీ ఫ్లోటర్ (పొడుగాటి డిఫెండర్ చేతుల మీదుగా ఎత్తుగా వదిలే షాట్) గానీ వేయొచ్చు. కానీ తొందరపడకు, వెనక నుంచి వస్తున్న నీ డిఫెండర్‌ని నీ వీపుకి ఆనించుకుని ఒక క్షణం ఆగితే వాడు ఆట నుంచి తప్పుకున్నట్టే, అప్పుడు మీ ఇద్దరికీ వాళ్ల సెంటర్ ఒక్కడే మిగులుతాడు. నీ డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి వెళ్లాడంటే నీ మూడు పాయింట్ల షాట్ మీద వాళ్లకి నమ్మకం లేదని అర్థం, ఆ నమ్మకం తప్పని చూపించడానికి అక్కడే వేయాలి. వాళ్ల సెంటర్ పైకి వచ్చి నీ దారి అడ్డుకుంటే, రెండు డ్రిబుల్స్ వెనక్కి లాగి అతన్ని ఇంకా పైకి తీసుకురా, ఆ తర్వాత కిందకి పరిగెత్తుతున్న మీ సెంటర్‌కి ఇవ్వు. ఇద్దరూ కలిసి నీ మీద పడితే మాత్రం లాగొద్దు, వాళ్లు చేతులు పైకెత్తకముందే పాస్ వెళ్లిపోవాలి, ఎందుకంటే బంతి నీ చేతిలోంచి వెళ్లిన క్షణం నుంచి మిగతా కోర్టులో మీవాళ్లు నలుగురు, వాళ్లు ముగ్గురు. ఆ అసిస్ట్ (బాస్కెట్ పడేలా ఇచ్చిన పాస్) నీ పేరు మీద పడకపోవచ్చు, ఆ బాస్కెట్ మాత్రం నీ వల్ల వచ్చిందే. ఒకరి మనిషిని ఒకరు మార్చుకుంటే నిదానంగా ఆలోచించు, నీ ముందు నెమ్మదిగా కదిలే పొడుగాటి మనిషి ఉన్నాడు, రింగ్ దగ్గర మీ సెంటర్ మీద వాళ్ల పొట్టి గార్డ్ ఉన్నాడు, రెండిట్లో ఏది సులువో అది ఆడు.

ఇంకొకటి చూడాలి, ఇది చూడగలిగితే నువ్వు పై స్థాయికి దగ్గర్లో ఉన్నట్టు. బంతి లేని వైపు కార్నర్‌లో మీ షూటర్‌ని కాస్తున్నవాడు ఎక్కడ ఉన్నాడు? రింగ్ వైపు పరిగెత్తే మీ సెంటర్‌ని ఆపడానికి అతను ఒక అడుగు లోపలికి వేస్తాడు. ఆ అడుగు పడితే పాస్ కార్నర్‌కి. ఎన్‌బీఏలో పైన మూడు పాయింట్ల గీత 7.24 మీటర్లు ఉంటే కార్నర్‌లో దాదాపు 6.7 మీటర్లే, అందుకే ఆ పాస్‌కి అంత విలువ.

ఇదంతా నేర్చుకోవడానికి కోర్టు ఒక్కటే సరిపోదు. మ్యాచ్ వీడియో పెట్టుకుని, గార్డ్ స్క్రీన్ దాటిన క్షణంలో పాజ్ చేసి, ఎవరు ఖాళీగా ఉన్నారో పైకి చెప్పి, అప్పుడు ప్లే చెయ్యి. మొదట్లో తప్పులు చాలా వస్తాయి. కొన్నాళ్లకి పాజ్ చేయాల్సిన అవసరం రాదు, కన్ను ముందే వెళ్లిపోతుంది.

గడియారం, ఫౌల్స్, టర్నోవర్లు

కోచ్ కోర్టులోకి రాలేడు కాబట్టి లెక్కలు నీ దగ్గర ఉండాలి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతిని 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి, మీ షాట్ రింగ్‌కి తగిలి మళ్లీ మీకే దొరికితే 14 సెకన్లు. ఒక క్వార్టర్‌లో టీమ్ ఫౌల్స్ నాలుగు దాటితే, ఐదోదాని నుంచి ఎదుటివాళ్లకి ఫ్రీ త్రోలు. అమెరికన్ కాలేజీ పురుషుల ఆటలో 20 నిమిషాల సగాలు రెండు, షాట్ క్లాక్ 30 సెకన్లు. ఈ తేడాలు తెలియకుండా కొత్త చోటికి వెళ్తే మొదటి నెల అయోమయంలోనే గడిచిపోతుంది.

24 సెకన్ల ఆటలో ఒక చిన్న లెక్క. క్వార్టర్ ముగియడానికి 40 సెకన్లు ఉండగా బంతి నీకు వచ్చిందనుకో. నిదానంగా ఆడి 17 సెకన్లు మిగిలి ఉండగా షాట్ వేస్తే ఆ తర్వాత వాళ్లు మిగతా టైమ్ అంతా వాడుకుంటారు, అంటే చెరో షాట్. అదే 32 సెకన్లు ఉండగానే మంచి షాట్ వేస్తే, వాళ్లు 24 సెకన్లూ లాగినా నీకు మళ్లీ ఐదారు సెకన్లు మిగులుతాయి. అంటే మీకు రెండు, వాళ్లకి ఒకటి. చెడ్డ షాట్ వేసేసి ఈ లెక్క చెప్తే మాత్రం ఏ కోచ్‌కీ నచ్చదు.

టర్నోవర్ల (బంతిని ఎదుటి టీమ్‌కి పోగొట్టుకోవడం) విషయంలో, ఒక టర్నోవర్‌కి రెండు అసిస్ట్‌లు ఉంటే పర్వాలేదు, మూడు ఉంటే బాగా ఆడుతున్నట్టు, క్రిస్ పాల్‌కి కెరీర్ మొత్తం మీద దాదాపు నాలుగు. అన్ని టర్నోవర్లూ ఒకటి కావని కూడా గుర్తుపెట్టుకో. పాస్ గీత బయటికి పోతే ఆట ఆగుతుంది, మీవాళ్లు వెనక్కి పరిగెత్తి నిలబడతారు. కోర్టు పై భాగంలో నీ చేతిలోంచి బంతి లాక్కుంటే అది నేరుగా అవతల లేఅప్. ప్రతి మ్యాచ్ తర్వాత ఈ రెండో రకం ఎన్ని అయ్యాయో విడిగా రాసుకో.

కోచ్‌ల కంట పడటం

హైలైట్ వీడియో మూడు నాలుగు నిమిషాలు చాలు, పాటలూ గ్రాఫిక్సూ అక్కర్లేదు, నీ నంబర్ ఏదో మొదటి సెకన్లలోనే తెలియాలి. దాంతోపాటు కనీసం రెండు పూర్తి మ్యాచ్‌ల వీడియో పంపు, అందులో ఒకటి మీరు ఓడిపోయింది అయితే ఇంకా మంచిది. హైలైట్స్‌లో అందరూ బాగానే కనిపిస్తారు, అందుకే ఆసక్తి ఉన్న కోచ్ పూర్తి మ్యాచ్ అడుగుతాడు. టర్నోవర్ చేశాక వెనక్కి పరిగెత్తావా లేదా, బెంచ్ మీద కూర్చోబెడితే మొహం ఎలా పెట్టావు, ఆట ఆగగానే నలుగురినీ దగ్గరికి పిలిచి మాట్లాడావా, ఇవన్నీ అందులో దొరుకుతాయి.

అమెరికన్ కాలేజీ దారి అనుకుంటే చదువుని పక్కన పెట్టడం కుదరదు. ఎన్‌సీఏఏ (అమెరికన్ కాలేజీ క్రీడల సంస్థ) మొదటి డివిజన్‌కి స్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాలి. ఈ లెక్క చివరి ఏడాదిలో మొదలుపెడితే అందదు, కాబట్టి తొమ్మిదో తరగతి నుంచే చూసుకోవాలి. మూడో డివిజన్ కాలేజీలూ, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలూ ఆట మీద స్కాలర్‌షిప్ ఇవ్వవు, అయినా అక్కడ మంచి బాస్కెట్‌బాల్ ఆడతారు. జెరెమీ లిన్ హార్వర్డ్‌లో ఆడి, 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోక, 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అవకాశం రాగానే దేశమంతా తన పేరు చెప్పుకునేలా ఆడాడు.

యూరప్ దారి వేరు. అక్కడ క్లబ్బులు పిల్లల్ని చిన్నప్పుడే తీసుకుని తమ జూనియర్ టీముల్లో పెంచుతాయి. లూకా డాంచిచ్ 13 ఏళ్లకి రియల్ మాడ్రిడ్‌లో చేరి, 16 ఏళ్లకే పెద్దల టీమ్‌లో ఆడి, 2018లో యూరోలీగ్ (యూరప్ క్లబ్బుల లీగ్) టైటిల్‌తోపాటు ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అవార్డూ గెలిచి ఎన్‌బీఏకి వెళ్లాడు. టీనేజ్‌లోనే పెద్దవాళ్లతో ప్రాక్టీస్ చేయడం అక్కడి పెద్ద లాభం, చదువు వెనకబడటం అక్కడి ప్రమాదం. రెండిట్లో ఏది మంచిదని అడిగితే, ఎక్కడ నీకు నిజంగా ఆడే నిమిషాలు దొరుకుతాయో అదే మంచిదంటాను. పెద్ద పేరున్న చోట రెండేళ్లు బెంచ్ మీద కూర్చోవడం మిగతా పొజిషన్ల కంటే పాయింట్ గార్డ్‌కి ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే నిర్ణయాలు తీసుకోవడం ఆడితేనే వస్తుంది.

కాలేజీలో

మొదటి ఏడాది నిన్ను కాసేది 22, 23 ఏళ్ల మనిషి కావచ్చు, ఇప్పుడు ట్రాన్స్‌ఫర్లు (కాలేజీ మారడం) తేలిక కావడంతో అనుభవం ఉన్నవాళ్లు ప్రతి ఏడాదీ కొత్త టీముల్లోకి వస్తూనే ఉన్నారు. ప్లేబుక్‌లో (టీమ్ ఆడే ప్లేల జాబితా) నీ ఒక్కడి స్థానం నేర్చుకుంటే సరిపోదు, ప్రతి ప్లేలో ఐదుగురు ఎక్కడ నిలబడాలో నీకు తెలియాలి, వేరేవాడు మర్చిపోతే చెప్పాల్సింది నువ్వే. నిమిషాలు రాకపోతే అసిస్టెంట్ కోచ్ దగ్గరికి వెళ్లి "ఏం చేస్తే నన్ను ఆడిస్తారు?" అని సూటిగా అడుగు. చాలాసార్లు డిఫెన్స్ అనే చెప్తారు.

ఒకే చోట నాలుగేళ్లు ఉండటం వెనకబాటు కాదు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ విచిటా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు, 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు, 2019 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో టొరంటోకి బెంచ్ మీంచి వచ్చి 22 పాయింట్లు చేశాడు. జేలెన్ బ్రన్సన్ విల్లనోవాలో రెండు జాతీయ టైటిళ్లు గెలిచి కూడా 2018లో 33వ నంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇద్దరూ మొదట చిన్న పాత్రల్లో, తక్కువ నిమిషాల్లో, బంతి పోగొట్టకుండా ఆడి నమ్మకం తెచ్చుకున్నవాళ్లే.

ఒంటి సంగతి క్లుప్తంగా. చీలమండ బెణికితే నొప్పి తగ్గగానే దిగిపోవద్దు, ఒంటికాలి మీద బ్యాలెన్స్, ఒంటికాలి గెంతు రెండో కాలితో సమానంగా వచ్చాకే దిగు. అమ్మాయిల్లో మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయాలు ఎక్కువ, గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా నేర్పే వార్మప్‌లు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయి, కోచ్ చేయించకపోతే అడిగి చేయించుకోండి. జాన్ స్టాక్టన్ 15,806 అసిస్ట్‌లు చేశాడంటే అందులో 19 సీజన్లలో 22 మ్యాచ్‌లు మాత్రమే మిస్సవడం పాత్ర కూడా ఉంది.

డ్రాఫ్ట్, కాంట్రాక్ట్

ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి ఆ క్యాలెండర్ ఏడాదిలో 19 నిండాలి, అమెరికా స్కూళ్లలో చదివినవాళ్లకైతే స్కూల్ బ్యాచ్ పూర్తయ్యాక ఒక సీజన్ కూడా గడవాలి. మొదటి రౌండ్‌లో వెళ్తే నాలుగేళ్ల కాంట్రాక్ట్, మొదటి రెండేళ్లు గ్యారంటీ, తర్వాతి రెండేళ్లు టీమ్ ఇష్టం. రెండో రౌండ్‌కి అలాంటి హామీ లేదు. అసలు పేరు రాకపోతే సమ్మర్ లీగ్, ట్రైనింగ్ క్యాంప్, జీ లీగ్ (ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్), ఆపైన టూ-వే కాంట్రాక్ట్. టూ-వే అంటే ఒక టీమ్‌కి మూడు స్థానాలు, ఎన్‌బీఏ మ్యాచ్‌లకి గరిష్ఠంగా 50 సార్లు జట్టులో ఉండొచ్చు, మిగతా టైమ్ జీ లీగ్‌లో. జీ లీగ్‌లో 30 పాయింట్లు కొట్టాలని అందరూ చూస్తారు, కానీ పై టీమ్‌కి కావాల్సింది వాళ్ల స్టార్లు ఆడుతుండగా పక్కన ఇమిడిపోయే గార్డ్, అదే చూపించు.

మహిళలకి డబ్ల్యూఎన్‌బీఏలో (అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్) టీములు తక్కువ, స్థానాలు ఇంకా తక్కువ, అందుకే చాలామంది చలికాలంలో వేరే దేశాల్లో కూడా ఆడతారు. సియాటిల్‌కి నాలుగు టైటిళ్లు తెచ్చిన సూ బర్డ్ కూడా చాలా ఏళ్లు రష్యాలో ఆడింది.

విదేశీ క్లబ్ కాంట్రాక్ట్ వస్తే సంతకం పెట్టేముందు నాలుగు విషయాలు చూడు. రాసిన జీతం పన్ను పోగా చేతికి వచ్చేదా, పన్నుకి ముందుదా? ఇల్లు, విమాన టికెట్లు కాంట్రాక్ట్‌లో రాశారా, నోటిమాటేనా? గాయమైతే జీతం, వైద్యం ఎవరివి? జీతం ఆలస్యమైతే ఎన్ని రోజుల తర్వాత నువ్వు బయటికి వెళ్లొచ్చు? ఫిబా ఆధ్వర్యంలో 2007లో ఏర్పడిన బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అని జెనీవాలో ఉంది, క్లబ్ డబ్బులు ఎగ్గొడితే అక్కడికి వెళ్లొచ్చు. కానీ వివాదాలు ఆ ట్రిబ్యునల్ ముందే తేలాలని కాంట్రాక్ట్‌లో ఒక క్లాజ్ ఉండాలి. అది లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే. అన్నట్టు ఏజెంట్ కమీషన్ ఎన్‌బీఏ కాంట్రాక్ట్ మీద 4 శాతం మించకూడదు, అంతకంటే ఎక్కువ అడిగేవాడితో మాట్లాడటం అక్కడితో ఆపెయ్యి.